పూత మీద పిట్టలు

ఫిబ్రవరి 5, 2025

రెంటచింతల. తోటలోకి వచ్చి రెండు రోజులైంది. ఈ డైరీ పురుగుమందుల షాపులో అక్రంకు ఊరికే ఇచ్చారు. అట్ట మీద మామిడికాయ బొమ్మ. ఆయనకు రాసే అలవాటు లేదు. నాకూ లేదు. అయితే ఇక్కడ సిగ్నల్ ఉన్నప్పుడు ఛార్జింగ్ ఉండదు, ఛార్జింగ్ ఉన్నప్పుడు సిగ్నల్ ఉండదు. అందుకని రాస్తున్నాను. ఎవరికోసమూ కాదు.

మా ఆయన అక్రం మాచర్లలో మోటార్ వైండింగ్ చేసేవాడు. పోయిన దసరా ముందు సాగర్ రోడ్డులో బండి మీద నుంచి పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. ఎముక అతికింది గానీ వేళ్ళు సన్న తీగను పట్టడం లేదు. షాపు మూసేశాం. ఉన్నదంతా పెట్టి ఈ మామిడి తోటను పూత మీద కొన్నాడు. అంటే చెట్టు మీద పువ్వు తప్ప ఏమీ లేనప్పుడే, కాసినా మాదే, రాలినా మాదే అని ఒప్పుకోవడం. మా నాన్న నూర్ మొహమ్మద్ చేసిన పని అదే. ప్రతి ఏడూ పూతప్పుడు మమ్మల్ని తోటకు తెచ్చేవాడు, కాయలు దిగాక ఇంటికి తీసుకుపోయేవాడు.

తోటల మనిషిని చేసుకోనని నేను చిన్నప్పుడే చెప్పేశాను. మోటార్ల మనిషిని చేసుకున్నాను. ఇప్పుడు ఆ మోటార్ల మనిషే నన్ను తెచ్చి తోటలో పెట్టాడు.

అదీ ఏ తోటలో? నాన్న తీసుకునే తోటలోనే. అక్రంకు తెలియదు. గేటు దాటేదాకా నాకూ తెలియదు.

ఫిబ్రవరి 6

పొద్దున్నే అంతా తిరిగాను. అప్పటి తాటాకు గుడిసె పోయి రేకుల షెడ్డు వచ్చింది. బావి ఎండిపోయింది. పక్కనే బోరు. చెట్ల మొదళ్ళు నా రెండు చేతులకూ అందనంత అయ్యాయి. పూత మాత్రం అదే వాసన. చెరుకుపాకం మాడబోయే ముందు వచ్చే వాసన. ఆ వాసనకు నాకు మళ్ళీ తొమ్మిదేళ్ళు వచ్చాయి.

బావి గట్టు మీద దానిమ్మ ఇంకా ఉంది. దాన్ని ముట్టుకుని వచ్చాను. తోట చివర వాగు, వాగు గట్టున మోదుగ చెట్లు. వాటికి ఇంకా మొగ్గే రాలేదు.

ఫిబ్రవరి 10, పొద్దున

తేనెపిట్ట వచ్చింది.

మగది. నల్లగా ఉంది, ఎండ పడితే నీలం. దానిమ్మ పువ్వులో ముక్కు పెట్టి రెక్కలు ఆడిస్తూ గాలిలోనే నిలబడింది. చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడ్డాను. బియ్యం కడగాలన్నది మర్చిపోయాను.

మా అయిదో తరగతి ఇంగ్లిష్ పుస్తకంలో హమ్మింగ్ బర్డ్ బొమ్మ ఉండేది. పువ్వు ముందు గాలిలో నిలబడి తేనె తాగుతూ ఉండేది. చలికాలం దూరదేశం పోతుందని, పండ్లచెట్లు పూసే వేళకు తిరిగి వస్తుందని కింద రాసి ఉండేది. నేనూ వాసంతీ ఈ దానిమ్మ కిందే కూర్చుని, మన పిట్టే ఆ పిట్ట అని తేల్చేశాం. వాసంతి అంటే తోట ఆసామి కూతురు. పూత నెలల్లో నేను వాళ్ళ బళ్ళోనే కూర్చునేదాన్ని.

బళ్ళో చెబితే దానియేలు మాస్టారు నవ్వలేదు. హమ్మింగ్ బర్డ్ మన వైపు ఉండదు, మీరు చూసింది తేనెపిట్ట అన్నారు. మరి గాల్లో నిలబడింది గదా సార్ అంది వాసంతి. కాసేపే నిలబడుద్ది లేమ్మా, అలిసిపోయి కొమ్మ మీద కూర్చుంటది చూడండి అన్నారు ఆయన. మర్నాడు కాపు కాశాం. నిజంగానే కూర్చుంది. మాకు చానా కోపం వచ్చింది. మాస్టారి మీద కాదు, పిట్ట మీద.

అయినా మా ఇద్దరి మధ్య అది హమ్మింగ్ బర్డే. ప్రతి ఏడూ ముందు ఎవరు చూస్తే వాళ్ళది గెలుపు.

ఈ ఏడు నేను గెలిచాను. చెప్పడానికి మనిషి లేదు.

ఫిబ్రవరి 13

అక్రం మందు డ్రమ్ము ఎత్తబోయి మళ్ళీ కింద పెట్టేశాడు. నేను చూడనట్టు ఉన్నాను.

ఫిబ్రవరి 19

రాఘవయ్య బాబాయి వచ్చాడు. వాసంతికి సొంత బాబాయి. చిన్నప్పుడు నేనూ అలాగే పిలిచేదాన్ని. తోట గుత్త మాటలన్నీ అక్రంతో ఆయనే మాట్లాడాడు. నన్ను పోల్చుకోలేదు. మజ్జిగ తాగి, గ్లాసు ఇస్తూ, మీది ఏ ఊరమ్మా అన్నాడు. నూర్ మొహమ్మద్ కూతురిని అన్నాను. గ్లాసు మళ్ళీ వెనక్కి తీసుకుని చేతిలోనే పట్టుకున్నాడు.

"ఏందీ, మన నూర్ కూతురివా? ముందే చెప్పొద్దా? మీ నాయన గాలివానకు తట్టుకోలేకపోయాడు గానీ, చెట్టు తెలిసినోడు."

నాన్న పోయి అయిదేళ్ళు. ఆయన గురించి ఒకరు మంచిగా మాట్లాడితే విని చాలా కాలమైంది.

ఈ తోట ఇప్పుడు వాసంతి వాటాలో ఉందట. బెజవాడలో బ్యాంకు ఆఫీసరుగా చేసి, ఈ మధ్యే మానేసిందట. ఎందుకు మానేసిందో చెప్పలేదు. శివరాత్రికి వస్తుంది అన్నాడు. నా గురించి తనకు చెప్తావా బాబాయ్ అందామనుకున్నాను. సిగ్గనిపించి ఊరుకున్నాను.

ఫిబ్రవరి 26, శివరాత్రి

రోడ్డు మీద కోటప్పకొండ పోయే బస్సులన్నీ కిక్కిరిసి ఉన్నాయి. మైకులు.

వాసంతి వచ్చింది. కారు దిగి బాబాయితో గేటులోకి నడిచింది. నేను గేటు పక్కన నిలబడి ఉన్నాను. నవ్వాను. చెయ్యి కూడా ఊపాను. నా పక్కనుంచే నేరుగా వెళ్ళిపోయింది. తల తిప్పలేదు.

సరే. బ్యాంకు మేడం గదా.

ఫిబ్రవరి 27

ఈ రోజు కూడా వచ్చింది. మంచం మీద కూర్చుని చెట్ల వైపు చూస్తూ ఉంది. పక్కనుంచి టీ గ్లాసు అందించాను. తీసుకోలేదు. చూడను కూడా చూడలేదు. మంచం కోడు దగ్గర పెట్టి వచ్చేశాను. తర్వాత లేవబోయి చెయ్యి తగిలించి గ్లాసు ఒలకబోసింది. అయ్యో అంది, ఎవరితోనో అన్నట్టు.

అక్రంతో చెబితే, ఉన్నోళ్ళు అంతే, నువ్వు చిన్నప్పటి సంగతులు పట్టుకుని ఊగులాడకు అన్నాడు.

దానిమ్మ దగ్గరకు పోలేదు ఈ రోజు.

ఫిబ్రవరి 28



పొద్దున వాసంతి ఒక్కతే వచ్చింది. కంచె రాళ్ళను ఒక్కొక్కటే ముట్టుకుంటూ మెల్లగా నడుస్తోంది. నేను నీళ్ళ బిందెతో దారి మధ్యలో ఉన్నాను. పక్కకు తప్పుకుందామనుకునే లోపే దగ్గరకు వచ్చి ఆగిపోయింది. నా నుదురు చూసింది. తర్వాత కళ్ళు. తర్వాత గడ్డం. అక్షరాలు కూడబలుక్కుని చదివినట్టు.

"హఫ్సా," అంది.

బిందె దించాను. నిన్నటి కోపమంతా అలాగే ఉంది. ఇప్పుడు కనపడ్డానా అన్నాను.

"ఇప్పుడే కనపడ్డావే. పక్కనుంటే నాకు కనపడవు. నా కళ్ళకి పక్కలు పోయినయ్యి."

అక్కడే గట్టు మీద కూర్చుని చెప్పింది. ముందు చీకట్లో చూపు పోయిందట. తర్వాత చుట్టూ అంచులు. ఇప్పుడు ఎదురుగా కొంచెం కనబడుతుంది, గొట్టంలోంచి చూసినట్టు. ఆ గొట్టం ఏటికేడు సన్నబడుతోంది. రెటీనా జబ్బు, ఆపే మందు తనకు లేదని డాక్టర్లు చెప్పేశారు. అందుకే ఉద్యోగం మానేసింది. బాబాయి ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు. జాలి పడతారని. ఇక్కడున్నది నేనని తనకు తెలియనే తెలియదు. అక్రం వాళ్ళ ఇంటావిడ అన్నాడట బాబాయి, అంతే.

టీ గ్లాసు పక్కనుంచి ఇచ్చానని చెప్పాను. చెంప మీద కొట్టుకుని నవ్వింది. చిన్నప్పటి నవ్వే. నాకు నవ్వు రాలేదు.

తర్వాత అడిగింది. మోదుగలు పూశాయా, తిలియర్లు వచ్చాయా అని.

తిలియర్ అన్నది మా నాన్న మాట. వాళ్ళింట్లో గులాబీ గోరింకలనేవాళ్ళు. తల నలుపు, రెక్క నలుపు, ఒళ్ళంతా గులాబీ రంగు. చలికాలమంతా మన వైపు చేలల్లో ఉండి, మోదుగ పూసే రోజుల్లో గుంపులు కట్టి, ఎండలు ముదిరే లోపు ఎన్నో దేశాల అవతలికి పోతాయి. మోదుగ పూసినన్నాళ్ళు ఈ వాగు గట్టుకు వచ్చేవి. నేనూ వాసంతీ కంచె కింద నుంచి దూరిపోయి చూసేవాళ్ళం.

అవి చూడ్డానికే వచ్చానే అంది. ఉగాది దాకా ఉంటానంది. వచ్చే ఏటికి గొట్టం ఎంతుంటుందో తెలియదంది.

మార్చి 2

రంజాన్ ఉపవాసాల్లో మొదటి రోజా. ఎండ అప్పుడే ముదిరింది. వాసంతి వచ్చి నా ముందు నీళ్ళు తాగకూడదని బాటిల్ పైటలో దాచుకుంది. తాగవే, నీ దాహం నీది, నా రోజా నాది అన్నాను.

మార్చి 6

తేనెపిట్టను చూపించడం ఎంత కష్టమో ఈ రోజు తెలిసింది.

అదుగో అంటే చాలదు. చెట్టు మొదలు పట్టుకో అంటాను. పట్టుకుంది. పైకి రా. పంగ కనపడిందా? కనపడింది. కుడి కొమ్మ మీదుగా పో. పోతున్నా. చివర ఎర్ర పువ్వు. ఆఁ, పువ్వు దొరికింది, పిట్టేదే? పిట్ట ఎప్పుడో వెళ్ళిపోయింది.

"మనం దారి చెప్పుకునే లోపు అది మాచర్ల పోయి వచ్చుద్ది," అంది.

చాలాసేపు కూర్చున్నాం. చివరికి ఒకటి వచ్చి తను చూస్తున్న పువ్వు మీదే వాలింది. వాసంతి ఊపిరి బిగబట్టింది. దాని నాలుక కూడా కనపడిందట. నాకు ఎన్నడూ కనపడలేదు. నేను చెట్టంతా చూస్తాను, అందుకేనేమో.

ఈ ఏడు నేనే ముందు చూశానని చెప్పాను. ఫిబ్రవరి పదిన. ఒప్పుకోలేదు. సాక్షి ఎవరే అంది.

మార్చి 9

గాలివాన సంగతి ఎత్తింది వాసంతి.

ఆ ఏడు కాయ బాగా దిగేట్టుంది. కోతకు ముందు ఒక సాయంత్రం నడికుడి వైపు నుంచి గాలి లేచింది. అది ఆగేసరికి కాయ చెట్టు మీద లేదు, నేల మీద ఉంది. నాన్న వాటి మధ్య నడవలేక నిలబడిపోయాడు. ఎక్కడ కాలు పెట్టినా కాయే. మర్నాడు పొద్దున్నే సామాను లారీలో వేశాడు. వాసంతి వాళ్ళు అప్పుడు ఎడ్లపాడులో పెళ్ళికి పోయారు. చెప్పే వీల్లేదు. నాన్న మళ్ళీ తోట జోలికి రాలేదు. మాచర్ల బస్టాండు దగ్గర టీ కొట్టు పెట్టుకున్నాడు. మా ఇంట్లోకి మామిడిపండు రావడం కూడా మానేసింది.

వాసంతి చెప్పింది: మరుసటి ఏడు పూతకు వేరేవాళ్ళు వచ్చారట. వాళ్ళకు మగపిల్లలు. అయినా తను రోజూ బడి నుంచి తోటకు వచ్చి గుడిసె దాకా చూసి పోయేదట. ఆ మరుసటి ఏడు కూడా.

"రెండేళ్ళు చూశానే నీ కోసం. తర్వాత టెన్త్ వచ్చింది, ఇంక రానియ్యలేదు."

నన్ను ఒకరు అలా వెతికారని నాకు తెలియదు. ఇన్నేళ్ళూ తెలియకుండానే బతికాను.

మార్చి 12

మోదుగలు పూశాయి. ఆకు లేదు, అంతా నిప్పు. వాసంతిని గట్టు దాకా తీసుకుపోయాను. చెట్టు మొత్తం కనపడదు గదా, ముక్క ముక్కగా చూసుకుంది. తిలియర్లు ఒక్కటి కూడా లేవు.

మిరపకోతకు కర్నూలు నుంచి వచ్చిన కూలీలు ఆటోల్లో పోతున్నారు. నాన్న తిలియర్లను మేస్త్రీ లేని కూలీలు అనేవాడు. ఎవరూ పిలవరు, ఎవరూ పంపరు, పని అయిపోగానే అందరూ ఒక్కసారి లేచిపోతారు అని.

మార్చి 16

రెండో పూత మీద తేనెమంచు పురుగు పడింది. ఆకులు జిగట. చెట్టు కింద నిలబడితే చిటచిటమని చప్పుడు. లక్షల పురుగులు ఎగురుతున్న చప్పుడు. మొదటి పూత సగం రాలిపోయింది. మా కాయ అంతా ఈ రెండో పూతలోనే ఉంది.

మార్చి 18

గొడవ పడ్డాం.

మందు కొట్టక తప్పదని అక్రం అన్నాడు. షాపులో రెండు రకాలు కలిపి కొట్టమన్నారట, తోటంతా, వాగు గట్టు దాకా. వారం ఆగితే పూత మసిబారిపోతుందట. నేను వారం ఆగమన్నాను. పిట్టల కోసమా అన్నాడు. అవునన్నాను. వాసంతి కోసమని చెప్పలేదు. తన కళ్ళ సంగతి ఎవరికీ చెప్పొద్దని నన్ను అడిగింది.

"పిట్టలొస్తయ్యి, పోతయ్యి. నా చెయ్యి పోయింది, అది రాదు. ఈ కాయ కూడా పోతే మనం ఏం చేద్దాం చెప్పు."

ఆయన అన్నది నిజం. ఇఫ్తార్ అప్పుడు ఖర్జూరం నా వైపు జరిపాడు.

మార్చి 19

వాసంతి నేరుగా అక్రం దగ్గరికి పోయింది. ఎదురుగా నిలబడి అంతా చెప్పేసింది. జబ్బు, గొట్టం, వచ్చే ఏడు, తిలియర్లు, అన్నీ. చివర అంది:

"అన్నా, మీరు మందు కొట్టుకోండి. నా కళ్ళ కోసం మీ పంట పాడుచేసుకోవద్దు. అది చెప్పడానికే వచ్చా."

అక్రం తన కుడి చెయ్యి చూసుకున్నాడు. సరేనమ్మా అన్నాడు.

వాసంతి పోయాక, ఈ మాట నాకు నిన్ననే చెబితే ఏం పోయేది అన్నాడు నాతో. తను చెప్పొద్దంది అన్నాను. నీకు మాట నిలబెట్టే రోగం మీ నాన్న నుంచి వచ్చింది అన్నాడు. తిట్టాడో మెచ్చుకున్నాడో తెలియలేదు.

మార్చి 20

పవర్ స్ప్రేయర్ తెప్పించాడు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కొట్టించాడు. వాసన షెడ్డులోకి, అన్నంలోకి, తలలోకి వచ్చేసింది. వాసంతిని రావద్దని ఫోన్ చేశాను.

సాయంత్రం వాగు దాకా నడిచాను. మోదుగల పక్కనున్న మామిడి వరసలు తడవలేదు. ఆకు పొడిగా ఉంది. పురుగు అలాగే చిటచిటలాడుతోంది.

అడిగాను. పైపు అందలేదు అన్నాడు.

ఆ పైపు వాగు దాటి అవతల చేలోకి కూడా అందుతుంది. చుట్టిపెట్టింది నేనే. నాకు తెలియదా?

మార్చి 22

దానిమ్మ దగ్గర ఎవరూ లేరు. తేనెపిట్టా లేదు, తేనెటీగా లేదు. పూలు మాత్రం ఉన్నాయి.

మార్చి 24

వాసంతి రోజూ వస్తోంది. రాఘవయ్య బాబాయి బండి మీద దించి పోతాడు. ఇద్దరం గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చుంటాం. ఎదురుగా తడవని వరసలు, వాటి వెనక మోదుగలు. వడగాలి మొదలైంది. మోదుగ పూలు రాలిపోతున్నాయి. రాలితే ఇంక రావు.

ఈ రోజు వాసంతి ఒక్కసారి కూడా నవ్వలేదు. చానా ఆలస్యం చేశానే, ముందే రావాల్సింది, పోయిన ఏడు వస్తే బాగుండేది అంది. పోయిన ఏడు నేను ఇక్కడ లేనుగా అన్నాను. తల నా వైపు తిప్పి, వెతుక్కుని, నా ముఖం చూసింది.

మార్చి 26

తిలియర్లు రాలేదు.

మార్చి 27, ఉదయం ఎనిమిది

వచ్చాయి. వచ్చాయి. అన్నీ వరసగా రాయాలి, లేకపోతే పోతుంది.

ఎండ ఇంకా చెట్ల పైకి ఎక్కలేదు. అప్పుడే వాసంతిని బాబాయి దించి పోయాడు. గట్టు మీదకు చేయి పట్టుకుని ఎక్కిస్తున్నాను. రేకుల మీద వాన పడినట్టు చప్పుడు. ఏందే అది అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మబ్బు లేదు. చూస్తే వాగు అవతల నుంచి నల్లటి దుప్పటి ఒకటి ఎగిరొచ్చి మోదుగల మీద పడింది. చెట్లు ఒక్కసారి కదిలి కిందికి వంగాయి. తర్వాత అరుపులు. వందమంది ఆడవాళ్ళు ఒకేసారి పంచాయితీ పెట్టుకున్నట్టు.

మోదుగల మీద చోటు చాలక మామిడి మీదకు వచ్చాయి. తడవని వరసల మీదకు. పూతలోకి దూరి పురుగును ఏరుకు తింటున్నాయి. నాకు గుంపు కనపడుతోంది గానీ ఒక్క పిట్ట కూడా సరిగ్గా కనపడడం లేదు. ఎటు చూసినా కదలికే.

మొదలు పట్టుకో అని మొదలుపెట్టబోయాను. వాసంతి ఆగు అంది. తనకు దారి చెప్పనక్కర్లేదు. ఎక్కడ చూసినా పిట్టే ఉంది.

"ఒకటి దొరికిందే. తల నలుపు. పిలకుంది. ఈపు గులాబి, ఉతికిన చీర లాగా కొంచెం వెలిసింది. ముక్కు మీద పసుపు అంటుకుంది, మోదుగ పువ్వుది. అది నన్నే చూస్తంది."

తను చెబుతుంటే నేను కళ్ళు చిన్నవి చేసుకుని చూశాను. అప్పుడు నాకూ ఒకటి కనపడింది. ముక్కు మీద పసుపు. చిన్నప్పుడు ఇన్నేళ్ళు చూశాం గానీ ఆ పసుపు నేను చూడలేదు. అప్పుడు గుంపును చూస్తూ అరవడమే సరిపోయేది.

అక్రం వచ్చి వెనక నిలబడ్డాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. చెప్పుల చప్పుడు కాకుండా వాటిని చేతిలో పట్టుకున్నాడు.

ఎంతసేపు ఉన్నాయో చెప్పలేను. ఏది చూసి బెదిరాయో తెలియదు, అరుపులు ఒక్క దెబ్బకు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం తర్వాత అన్నీ లేచాయి. వాసంతి పైకి చూసింది గానీ తన గొట్టంలోంచి గుంపు జారిపోయింది. ఏవీ, ఏవీ అంటోంది. ఎడమకు, పైకి అని చెప్పే లోపు అవి ఇంకెక్కడో ఉన్నాయి. మాటలతో అందడం లేదు. వెనక నుంచి రెండు భుజాలు పట్టుకుని తనను తిప్పాను. అవి ఎటు తిరిగితే అటు. తోట మీద ఒక చుట్టు తిరిగాయి, తనూ ఒక చుట్టు తిరిగింది. పైట ఊడిపోతోంది, కాలు గట్టు మీద జారుతోంది, ఇద్దరం పడిపోతామేమో అనిపించింది. వదలకే, కనపడతన్నయ్యి, వదలకే అంటోంది. గుంపు సన్నగా సాగింది, మళ్ళీ ముద్దయింది, కృష్ణ వైపు తిరిగింది. తన గడ్డం పట్టుకుని ఉత్తరానికి ఎత్తాను. చుక్క అయ్యేదాకా అలాగే పట్టుకున్నాను.

పోయాక ఇద్దరం అక్కడే కూలబడ్డాం. తను నవ్వుతోంది. నా నోరు ఎండిపోయి మాట రావడం లేదు, రోజాలో ఉన్నాను గదా. తను బాటిల్ తీసి, గుర్తొచ్చి, మళ్ళీ దాచుకుంది.

"నూర్ మామ ఉంటే ఏమనేవాడే?" అంది.

మేస్త్రీ లేని కూలీలు అని చెప్పాను. అక్రం ఆ మాట మొదటిసారి విన్నాడు. తనలో తనే ఒకసారి అనుకుని, చెప్పులు వేసుకుని పంపు దగ్గరికి పోయాడు.

మార్చి 28

మళ్ళీ రాలేదు. ఈ రోజు గట్టు కింద పూలు తప్ప ఏమీ లేవు. ఫర్వాలేదు.

మార్చి 30, ఉగాది

పొద్దున వాసంతి స్టీలు డబ్బాలో పచ్చడి తెచ్చింది. మామిడి పిందె మా చెట్టుదే, తడవని వరసలోది. వేపపువ్వు వాళ్ళ వాకిట్లోది. ఈ రోజు ఆఖరి రోజా కావచ్చు, నెలవంక కనపడితే రేపే పండుగ. పచ్చడి మూత పెట్టి తడిగుడ్డ కప్పి ఉంచాను. సాయంత్రం ఖర్జూరం తర్వాత అదే తిన్నాం. అక్రం చేదు ముక్క నోట్లో పడి ముఖం పెట్టాడు. వాసంతి ఎదురుగానే ఉంది కాబట్టి చూసి నవ్వింది.

నెలవంక చూద్దామని ఇద్దరం బయటికి వచ్చాం. మసక వెలుతురులో తనకు ఏమీ కనపడదు. కనపడిందా అని అడిగింది. కనపడిందని చెప్పాను. ఎలా ఉందని అడిగింది. దానిమ్మ కొమ్మ పక్కన గోరంత ఉందన్నాను. సరే, నేనూ చూసినట్టే అంది.

మార్చి 31, రంజాన్

మా అబ్బాయి ఫిరోజ్ హాస్టల్ నుంచి వచ్చాడు. బాబాయి వాళ్ళింటికి సేమ్యా పంపాను.

ఏప్రిల్ 3

వాసంతి బెజవాడ వెళ్ళింది. చూపు పూర్తిగా పోకముందే కర్ర పట్టుకుని నడవడం, ఫోన్‌ను వినికిడితో వాడటం నేర్పే చోటు ఒకటి ఉందట, అక్కడ చేరుతుందట. భయంగా ఉందా అని అడిగాను. ఉంది అంది. వచ్చే ఏడు పూత కూడా అక్రం అన్నకే అని బాబాయికి చెప్పేసింది. ముందు ఈ ఏడు కాయ దిగనియ్యమ్మా అన్నాడు అక్రం.

కారు ఎక్కబోతూ వెనక్కి తిరిగింది. నేను ఎక్కడున్నానో తెలియక ఊరికే గాలికి చెయ్యి ఊపింది. పరుగెత్తి ఆ చెయ్యి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

ఏప్రిల్ 9

వాగు పక్క వరసల్లో కాయ నిలవలేదు. తిలియర్లు తిన్నది తిన్నా, మిగిలిన పురుగు మిగిలింది. పూత నల్లగా మసిపట్టి రాలిపోయింది. మిగతా తోట బాగుంది. గట్టిగా కాసింది. ఈ ఏడు గడుస్తుంది.

అక్రం ఆ నల్ల చెట్ల మధ్య చాలాసేపు నడిచి వచ్చాడు. నేను టీ ఇచ్చాను. పైపు ఇంకో రెండు బారలు ఉంటే అందేది అన్నాడు. అవునన్నాను.

ఏప్రిల్ 21

వాసంతి ఫోన్ చేసింది. కల వచ్చిందట. తోట వచ్చిందట, కలలో పక్కలు కూడా కనపడ్డాయట. నేనున్నానా అని అడిగాను. ఉన్నావు అంది. ఎదురుగానా అన్నాను.

కాదు, పక్కన, అంది.